పండిత రమాబాయియు అన్యభాషల వరమును

అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము బోధించునప్పుడెల్ల పై తరగతుల విద్యార్థులు మమ్ము ఒక ప్రశ్న యడుగుచుందురు. పెంతెకొస్తు దినమున శిష్యులు అన్యభాషలతో మాటలాడిరి గదా, ఆ వరము లేనివారికి పరిశుద్ధాత్మ లేనట్లేనా యని. ఈ ప్రశ్న పిల్లలకు పుస్తకములనుండి పుట్టినది కాదు. ఇండ్లలోను సంఘములలోను పెద్దలు పడుచుండు తగవులనుండి పుట్టినది. ఒకే యింటిలో అన్న యొక మందిరమునకును తమ్ముడు వేరొక మందిరమునకును పోవుటయు, ఆత్మలేనివాడని యొకడును మతిలేనివాడని యొకడును తలంచుకొనుటయు మనము చూచుచునే యున్నాము. వాదముచే తేలని సంగతిని ఒక జీవితమునందు పరికించుట మేలని యెంచి, పండిత రమాబాయి చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాము. ఆమె పాండిత్యమును వితంతువులకు ఆమె చేసిన సేవయు పలువు రెరిగినవే. ఆమె యాశ్రమములో 1905 మొదలు 1907 వరకు జరిగిన సంగతులను మాత్రము కొలదిమందియే యెరుగుదురు.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల యను అడవి ప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుడు. ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పినందున బంధువులతోను పండితులతోను విరోధము వచ్చెను. ఉడుపిలో పండితులు సభ చేసి సమాధానము చెప్పుమనగా, స్త్రీలు పురాణ కావ్యములను చదువుటకు శాస్త్రము అడ్డురాదని ఆయన గ్రంథములనుండియే నిరూపించెను. భార్యకు చదువు చెప్పుట నేరమైన దినములవి. ఈ కాలపు బాలికలు పలకయు బలపమును చేత బట్టుకొని బడికి వచ్చుట తమకు జన్మహక్కనుకొందురు. ఆ హక్కునకై అడవిలో కాపురము చేసినవా రుండిరని వారు తెలిసికొనవలెను.

బిడ్డకు ఆరుమాసములు నిండగానే ఆ కుటుంబము తీర్థయాత్రలకు బయలుదేరెను. రమాబాయిని బెత్తపు పెట్టెలో పరుండబెట్టి కొండ దింపిరట. అది మొదలు ఆమెకు సొంత ఊరన్నది లేదు. క్షేత్రములయందు పురాణము చెప్పుచు, శ్రోతలు సమర్పించిన దానితో జీవించుచు, ఊరినుండి ఊరికి పోవుటయే వారి వృత్తి. తల్లి తెల్లవారకమునుపే బిడ్డను మేలుకొలిపి, దగ్గరకు తీసికొని, శ్లోకములు వల్లె వేయించెడిది. పండ్రెండేండ్ల ప్రాయమునకే భాగవతమందలి పదునెనిమిదివేల శ్లోకములు ఆ బాలిక కంఠస్థము చేసెనని చెప్పుదురు. మరాఠీ ఇంటిభాష. కన్నడము, హిందూస్థానీ, అటుపిమ్మట వంగభాష – ఇవన్నియు నడచిన త్రోవలయందు చెవిని బడి నోటికి వచ్చినవి. రమాబాయికి భాషలు ఆకసమునుండి దిగిరాలేదు. కాళ్లు పొక్కులెక్కగా వచ్చినవి.

ఆమెకు పదునారేండ్లు వచ్చునప్పటికి దక్షిణదేశమున క్షామము సంభవించెను. ఈ భాగము మన సీమకు సంబంధించినది గనుక కొంచెము నిలిచి చెప్పెదము. ఉన్న ధనమును దానధర్మములకును వ్రతములకును వ్యయపరచి, నగలమ్మి, తుదకు ఇత్తడిపాత్రలు సైత మమ్మి, ఆ కుటుంబము తిరుపతి ప్రాంతమునకు చేరెను. కూలిపని చేయుటకు కులగౌరవ మడ్డువచ్చెను. బిచ్చమెత్తుటకు అభిమాన మడ్డువచ్చెను. తిరుపతి సమీపమందలి అడవిలో పదునొకండు దినములు ఆకులును నీరును గుప్పెడు ఈతపండ్లును తిని యుండిరి. చూపు మందగించిన వృద్ధుడగు తండ్రి పుణ్యతీర్థమున మునిగి ప్రాణము విడువ నిశ్చయింపగా, కుమారుడగు శ్రీనివాసుడు తాను కూలి చేసియైన పోషింతునని యాయనను వారించెను. అయినను ఆ వృద్ధుడు ఎక్కువ దినములు బ్రతుకలేదు. కడపటి రాత్రి కుమార్తెను దగ్గరకు తీసికొని, దేవునికి దాసురాలవై యుండుమని చెప్పి యాయన కన్నుమూసెను.

తల్లి రాయచూరున జబ్బుపడెను. రమాబాయి పొరుగింటి గుమ్మమున నిలువబడి, నోరు పెగలక, కన్నీటితోనే యాచింపగా, ఆ యింటి యిల్లాలు ఒక సజ్జరొట్టె ముక్క నిచ్చెను. తల్లి దానిని తినలేకపోయెను. ఆమె మరణించినప్పుడు శవమును మోయుటకు కుమారుడును, ఎట్లో ఒప్పుకొనిన యిద్దరు బ్రాహ్మణులును తప్ప మరెవరును రాలేదు. నాలుగవ మనిషి రమాబాయియే. పొట్టిది గనుక పాడె భుజమున కందక, తలమీద పెట్టుకొని, మూడు మైళ్ల దూరమున నున్న శ్మశానమునకు ఆమె నడచెను. అక్క కృష్ణాబాయియు పిమ్మట కలరా సోకి చనిపోయెను.

మిగిలిన అన్నాచెల్లెండ్రు నాలుగువేల మైళ్లకు మించి కాలినడకను దేశమంతయు తిరిగి, 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఆమెను పరీక్షించి, ఆశువుగా సంస్కృతమున చెప్పిన కవిత్వమునకు ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె వేరు కులస్థుడగు విపినవిహారి మేధావి యను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. 1881లో మనోరమ యను కుమార్తె పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాచే చనిపోయెను. ఇరువదిమూడేండ్లకే ఆమె విధవ యయ్యెను.

భర్త పుస్తకములలో వంగభాషయందు అచ్చుపడిన లూకా సువార్త యొకటి ఆమెకు దొరకియుండెను. బాల్యమునుండి సంస్కృతముననే దైవవిషయములను వినిన ఆమెకు, క్రీస్తుచరిత్ర మొదట చేతికి వచ్చినది ఒక దేశభాషలో. ఇది చిన్న సంగతివలె కనుపించును గాని, పిమ్మటి చరిత్రమునకు ఇది మూలమని మా తలంపు.

1883లో వైద్యవిద్య నేర్చుకొనదలచి ఆమె ఇంగ్లండునకు పోయెను. వినికిడి మందమగుటచే ఆ కోరిక నెరవేరలేదు. ఆ సెప్టెంబరు 29న వాంటేజి పట్టణమందలి సన్యాసినుల మఠమున తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి. తరువాత చెల్టెన్‌హాం స్త్రీల కళాశాలలో తాను చదువుకొనుచు సంస్కృతము బోధించెను. బిషప్పులతోను, తన్ను ఆదరించిన సన్యాసినులతోను సైతము ఆమెకు భేదాభిప్రాయములు కలిగెను. క్రీస్తునకు లోబడితిని గాని ఏ యొక సంఘపు టాజ్ఞలకును బానిసను కానని ఆమె పట్టుబట్టి యుండెను. 1886లో అమెరికాకు పోయి, హిందూ స్త్రీల దుస్థితినిగూర్చి 1887లో ఇంగ్లీషున నొక గ్రంథము ప్రకటించి, ధనసహాయము సంపాదించి, 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువులకై శారదాసదనమును స్థాపించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మారెను. మతము మార్చుచున్నదను నిందచే 1893లో పెక్కుమంది తమ పిల్లలను తీసికొనిపోయిరి. ఈ సంగతులు పాఠపుస్తకములలో దొరకును గనుక వేగముగా దాటుచున్నాము.

1896, 97 సంవత్సరములలో మధ్యపరగణాలయందు క్షామము వచ్చినదని వినగానే, తాను తిరుపతి యడవిలో పడిన బాధ ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. తానే పోయి, దిక్కులేని బాలికలను వితంతువులను సుమారు మూడువందల మందిని వెంటబెట్టుకొని వచ్చెను. పూనాకు నలుబది మైళ్ల దూరమున కేడ్‌గాం అను గ్రామమువద్ద ఆమె కొనియుంచిన పొలమే వారికి ఆశ్రయమయ్యెను. దానికి ముక్తి యని పేరు. 1900లో గుజరాతు క్షామమున మరికొన్ని వందల మంది చేరగా, రెండువేలకు దగ్గరగా జనులు అందుండిరి. బావులు త్రవ్వించి, పంటలు పండించి, నేతపనియు నూనె గానుగయు అచ్చుకూటమును నడిపి, గ్రుడ్డివారికి చేతితో తడవి చదువు లిపిని నేర్పి, ఆ స్త్రీలను తమ కాళ్లపై నిలువబెట్టెను. రెండువేల మందికి పూటపూటకు అన్నము పెట్టుట యెట్టి పనియో మా వసతిగృహపు వంటశాలను చూచినవారు ఊహింపగలరు.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. రమాబాయి 1898లో ఇంగ్లండు నందలి కెస్విక్కు కూటములకు పోయి, భారతదేశపు క్రైస్తవులమీద దేవుని ఆత్మ కుమ్మరింపబడుటకై ప్రార్థింపుడని కోరియుండెను. మిన్నీ ఏబ్రమ్స్ అను అమెరికను మిషనెరీ దొరసాని ఆ సంవత్సరమే ఆశ్రమములో చేరి ఆమెకు కుడిభుజమయ్యెను. 1903లో కుమార్తె మనోరమను ఏబ్రమ్స్ దొరసానిని ఆస్ట్రేలియా దేశమునకు పంపి, అచ్చటి ప్రార్థన కూటములనుండి ఉజ్జీవము వచ్చిన విధమును తెలిసికొనెను. 1904లో వేల్సు దేశమునను, 1905 మొదట ఖాసీ కొండలయందును ఉజ్జీవము కలిగినట్లు వార్తలు వచ్చెను. 1905 జనవరిలో ముక్తియందు డెబ్బదిమంది ప్రార్థింప నారంభించిరి. జూను నాటికి వారు ఐదువందల యేబదిమందియై దినమునకు రెండు మారులు కూడుకొనుచుండిరి.

జూను 29 తెల్లవారుజామున ఒక పెద్ద బాలిక ప్రార్థించుచుండగా, ప్రక్కనున్నది ఆమె చుట్టును అగ్ని చూచితి ననుకొని, నీళ్ల బాల్చీకై పరుగెత్తి తెచ్చి, పోయబోయి, మంట లేదని గ్రహించెనట. మరునాడు రమాబాయి యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయమును తన యలవాటు చొప్పున మెల్లని స్వరముతో వివరించుచుండగా, కూడినవారందరు ఒక్కసారి యేడ్చి గట్టిగా ప్రార్థింపసాగిరి. ఆమె మాట ఆపవలసి వచ్చెను. బాలికలు తమ దొంగతనములను, అబద్ధములను, పగలను ఒప్పుకొని, ఒకరినొకరు క్షమాపణ వేడుకొనిరి. పిమ్మట జట్లు జట్లుగా చుట్టుపట్టు గ్రామములకు పోయి సువార్త చెప్పిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1906 ఏప్రిలులో, అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పట్టణమున అజూసా వీధియందొక పాత కట్టడములో, బానిసలుగా నుండిన తలిదండ్రులకు పుట్టిన విలియం సేమూర్ అను నల్లజాతి బోధకుని నాయకత్వమున కూటములు జరిగి, అందు పలువురు అన్యభాషలతో మాటలాడిరి. ఆ వార్త ముక్తికి చేరిన పిమ్మట, 1906 డిసెంబరు నాటికి, ఇచ్చటి బాలికలలోను అనేకులు తమకు తెలియని భాషలతో ప్రార్థింప నారంభించిరి. కొన్ని ధ్వనులు ఏ మనుష్యులకును తెలిసినవి కావు. అయితే సమీపమందలి ధోండునందు అనాథబాలుర ఆశ్రమమును నడుపుచుండిన ఆల్బర్ట్ నార్టన్ దొరగారు ముక్తికి వచ్చి, ఇంగ్లీషు రాని బాలిక యొకతె స్పష్టమైన ఇంగ్లీషుతో ప్రార్థించుట తన చెవులార వింటినని వ్రాసి ప్రకటించెను.

ఇందుమీద పెద్ద కలవరము పుట్టెను. ఇది పిచ్చి యనియు, కరవుబారినుండి వచ్చిన పిల్లల బలహీనత యనియు కొందరు మిషనెరీలే నిందించిరి. మరికొందరు ఇదియే ఆత్మ బాప్తిస్మమునకు ఏకైక గురుతనిరి. ఈ రెండు పక్షముల నడుమ రమాబాయి నిలిచిన తీరును గమనింపవలెను. ఆమెకు ఆ వరము కలుగలేదు. కలుగలేదని సిగ్గుపడలేదు, కలిగినట్లు నటింపనులేదు. రెండువేల మందికి తల్లియై, తన యెదుటనే చిన్నపిల్లలు తనకు లేని యనుభవమును పొందుచున్నామని చెప్పుచుండగా, అసూయపడుట గాని అధికారముతో నోరు మూయించుట గాని సులభమే. ఆమె యేదియు చేయలేదు. ఆశ్రమమునుండి వెలువడు ముక్తి ప్రేయర్ బెల్ అను పత్రికలో 1907లో తన యభిప్రాయమును తెలిపెను. భాషలతో మాటలాడుట దేవుని వరములలో నొకటియే, దానిని త్రోసివేయరాదు. కాని ఆత్మ పొందిన ప్రతివారును తప్పక దానిని పొందవలెననుటకు లేఖనాధారము లేదు. ప్రేమయే ముఖ్యమైన గురుతు – ఇది యామె తీర్పు. పాశ్చాత్యుల మర్యాదకు సరిపడలేదని భారతీయుల భక్తిని కొట్టివేయరాదనియు ఆమె తలంపు.

పౌలు భక్తుడు కొరింథువారికి వ్రాసినది ఇంచుమించు ఇదియే. తనకు ఆ వరము సమృద్ధిగా నున్నను, సంఘములో తెలియని భాషతో పదివేల మాటలు పలుకుటకంటె తెలిసినవి యైదు చాలునని యాయన చెప్పెను. అర్థము చెప్పువారు లేనియెడల సంఘములో మౌనముగా నుండుమనెను. అట్లని భాషలతో మాటలాడుటను ఆటంకపరచవద్దనియు కోరెను. ఈ మూడింటిలో తమకు నచ్చిన యొక్కదానినే పట్టుకొనుటచేత మన తగవులు పుట్టుచున్నవి.

ఏబ్రమ్స్ దొరసాని ఆ కాలమున ఆత్మ బాప్తిస్మమునుగూర్చి వ్రాసిన చిన్న పుస్తకమును దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున నున్న తన స్నేహితురాలగు హూవర్ దొరసానికి పంపెను. దానిని చదివి ప్రార్థించిన మెథడిస్టు సంఘమున 1909లో ఉజ్జీవము పుట్టి, ఆ దేశపు పెంతెకొస్తు సంఘములకు మూల మయ్యెను. కేడ్‌గాం పొలమున వెలిగిన దీపము సముద్రములు దాటెనన్నమాట.

అదే కాలపు మరియొక సంగతి చెప్పకుండ ఉండలేము. అన్యభాషల వరమునుబట్టి క్రొత్తదేశపు భాషను నేర్చుకొన నక్కరలేకయే సువార్త చెప్పవచ్చునని తొలుత పలువురు నమ్మిరి. అజూసా వీధినుండి బయలుదేరిన ఆల్ఫ్రెడ్ గార్ దంపతులు తమకు వంగభాష దయచేయబడినదని నమ్మి కలకత్తాకు వచ్చిరి. అచ్చటివారికి వారి మాట లర్థము కాలేదు. వారు ఓడ యెక్కి తిరిగి పోలేదు; ఇంగ్లీషు తెలిసినవారికి బోధించుచు నిలిచిరి. వారి విశ్వాసమును మేము పరిహసింపము. అయితే ఆ దినములలోనే కేడ్‌గాంలో, ఏడెనిమిది భాషలు తెలిసిన స్త్రీ, నలుబదియైదేండ్లు దాటిన వయస్సున, క్రొత్తగా హీబ్రూ అక్షరములు దిద్దుకొనుచుండెను.

ఏల యనగా, అప్పటి మరాఠీ బైబిలు చదువుకొన్న బ్రాహ్మణుల భాషలో నుండెను. సంస్కృత పదములు విస్తారము. కరవునుండి వచ్చిన పల్లెటూరి స్త్రీకి అది వినుట కింపుగా నుండెనే గాని తలకెక్కలేదు. మన తెలుగు బైబిలు చదువునప్పుడు సైతము ముసలమ్మలు ఒక మాటకు అర్థమేమి నాయనా యని మనల నడుగుట కద్దు. దేవుడు మాటలాడినది దుబాసీ లేనిదే తెలియరాదేని, ఆ స్త్రీకి అదియు అన్యభాషయే. సంస్కృతమున సరస్వతి యని బిరుదు పొందిన రమాబాయి సంస్కృతపదములనే యేరివేయ బూనుకొనెను. హీబ్రూ గ్రీకు మూలములనుండి కూలివారాండ్రు మాటలాడు మరాఠీలోనికి బైబిలునంతటిని తానొక్కతెయే భాషాంతరీకరించుటకు సుమారు పదునేడేండ్లు పట్టెను. పగలంతయు ఆశ్రమపు పనులు. వినికిడి అంతకంతకు తగ్గుచుండెను. ఆమె భాషాంతరము మూలమునకు మిక్కిలి అంటిపెట్టుకొని యుండుటచే కొన్ని చోట్ల మాటల కూర్పు మొరటుగా నుండెననియు, సంఘములలో పాత బైబిలు స్థానము నది పొందలేకపోయెననియు నిజము చెప్పవలెను.

1921 జూలై 24న మనోరమ మరణించెను. ఆశ్రమభారమును తన తరువాత వహించునని తల్లి నమ్మియుండిన యేకైక సంతానము ఆమెయే. రమాబాయి పని మానలేదు. బైబిలు అచ్చుప్రతుల దిద్దుబాటు మిగిలియుండెను. దానిని ముగించువరకు ఆయుస్సు నిమ్మని ఆమె ప్రార్థించెననియు, ముగించిన కొలది దినములకే కన్నుమూసెననియు చెప్పుదురు. 1922 ఏప్రిల్ 5వ తేదీన నిద్రలోనే ఆమె ప్రాణము విడిచెను. అప్పటికి అరువది నాలుగేండ్లు నిండుటకు పదునెనిమిది దినములు తక్కువ.

బైబిలు 1924లో వెలువడెను. అది ముక్తిలోని అచ్చుకూటముననే అచ్చయ్యెను. ఆశ్రమపు స్త్రీలే అక్షరములు కూర్చిరి.